నమ్మకం లేని దేశంతోని అణు ఒప్పందం: మా మామకు ఏం చెప్పాలె?

గడియారం_సెంటర్
నిన్న పొద్దుమీకి మా మేనమామతోని చాయ్ హోటల్ల గంటన్నర లొల్లి. సంగతి ఇరాన్, అంటే అణు పనులకు హద్దు పెట్టుకుంటే ఆంక్షలు తీస్తమని అమెరికా, ఇంకొన్ని దేశాలు 2015ల దానితోని చేసుకున్న ఒప్పందం. ఆయన ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు, పేపర్ల టెండర్ నోటీసులు గూడ వదలడు. ఆయన మాట ఒక్కటే: "దొంగతనంగ నతాంజ్‌ల యురేనియం శుద్ధి ప్లాంటు కట్టిండ్రు, 2002ల బయటపడ్డది. మల్ల కొండ కింద ఫోర్దోల ఇంకోటి తవ్విండ్రు, 2009ల బయటపడ్డది. రెండుసార్లు టికెట్ లేకుండ దొరికినోన్ని 2015ల పిలిచి బస్ పాస్ ఇచ్చిండ్రు. గదొక ఒప్పందమా?"

నేనన్న, ఒప్పందం నడిచినన్ని రోజులు వాళ్లు హద్దులనే ఉన్నరు, 2018 మేల ట్రంప్ తెంపినంకనే యురేనియం శుద్ధిల 60 శాతం దాకా పోయిండ్రు అని. "తెంపకున్నా పోతుండిరి" అన్నడు. దానికి నాకు జవాబు దొరకలే. చాయ్ పైసలు గూడ నేనే కట్టిన.

నమ్మలేని సర్కారుతోని ఇసొంటి ఒప్పందం చేసుకునుడు తప్పా, చేసుకున్నంక తెంపుడు తప్పా? పార్టీల లొల్లి వద్దు, అసలు ముచ్చట చెప్పున్రి.

మిల్లు_మేనల్లుడు
పార్టీల లొల్లి వద్దంటే ఈడ మాట్లాడేటోడు ఎవడుంటడన్నా

పాలమూరు_పోరడు
మీ మామదే కరెక్టు. ఆ ఒప్పందానికి గడువు పెట్టిండ్రు చూడు, అక్కడనే తెలుస్తది. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాల మీద హద్దు 10 ఏండ్లు, శుద్ధి 3.67 శాతం దాటొద్దన్న హద్దు 15 ఏండ్లు. అంటే చేసుడు మానమనలే, ఆగి చెయ్యమన్నరు. క్షిపణుల ఊసు ఒప్పందంల లేనే లేదు. పైంగ విమానంల నోట్ల కట్టలు పంపిండ్రు. ఎవడన్న దొంగకు అడ్వాన్స్ ఇస్తడా?

మూసీ_ఒడ్డు
ఇరానీ చాయ్ మీద ఆంక్షలు రానంత వరకు నాకు ఫికర్ లేదు

దేవరకొండ_టీచర్
నోట్ల కట్టల మాట సగమే నిజం తమ్మీ. ఆ 40 కోట్ల డాలర్లు ఇరాన్ సొమ్మే. అప్పటి ఇరాన్ రాజు షా కాలంలో ఆయుధాల కోసం అమెరికాకు కట్టారు. 1979 విప్లవం వచ్చింది, ఆయుధాలు రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. 2016 జనవరిలో అసలును నగదుగా పంపి, వడ్డీ కింద ఇంకో 130 కోట్లకు ఒప్పుకున్నారు. సరిగ్గా అదే రోజుల్లో ఇరాన్ జైళ్లలో ఉన్న అమెరికన్లు విడుదలయ్యారు, అందుకే అది విడుదల కోసం ఇచ్చిన సొమ్మని గొడవైంది. ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. కానీ అడ్వాన్స్ మాత్రం కాదు, పాత బాకీ.

ఈ శాతాల సంగతి ఒకసారి చూద్దాం, అది తెలియకుండా వాదించి లాభం లేదు. నేను తొమ్మిదో తరగతికి కందులతో చెప్తాను. వెయ్యి కందిగింజలు పోసి, వాటిలో ఏడింటికి ఎర్ర రంగు వేయండి. భూమిలోంచి తీసిన యురేనియం అదే, పనికొచ్చే 235 రకం వెయ్యికి ఏడు. ఇప్పుడు మామూలు గింజలు ఏరి పారేస్తూ పోదాం. కుప్ప 190 గింజలకు తగ్గితే 3.67 శాతం. 35కు తగ్గితే 20 శాతం. 12కు తగ్గితే 60. ఎనిమిదికి వస్తే 90, అంటే బాంబు సరుకు.

ఏరే పని ఎక్కడ ఎక్కువుందో చూడండి. మొదట ఎనిమిది వందలకు పైగా పారేయాలి. 60 నుంచి 90కి నాలుగు గింజలు చాలు. పిల్లలు ఇక్కడికి రాగానే నోరు తెరుస్తారు. అందుకే 3.67 దగ్గర ఆపి, నిల్వ 300 కిలోలు దాటొద్దన్నారు. అంతకుముందు పోగేసినదాంట్లో దాదాపు 11 టన్నులు 2015 డిసెంబరులో ఓడెక్కి రష్యా పోయింది.

గడియారం_సెంటర్
సార్ ఈ కందుల లెక్క మా మామకు చెప్త. కందుల ధర మీదికి మళ్లకుంటే మంచిగుంటది.

ఫ్యాట్_టెస్టర్
సెంట్రిఫ్యూజు అని అందరూ భయపడ్తరు గని, నేను దాని పక్కనే పదకొండేండ్లు కూసున్న. మా ఊరి పాల కేంద్రంల, పాలల్ల వెన్న శాతం (ఫ్యాట్) చూసే పని. ఇప్పుడు మిషన్లొచ్చినయి, అప్పుడు గొట్టాలే. గొట్టంల 10 ఎంఎల్ యాసిడ్, దాని మీద 10.75 పాలు, ఒక ఎంఎల్ ఆల్కహాలు. బిరడా బిగించి ఊపితే గొట్టం చెయ్యి కాలేటంత వేడెక్కుతది, పాలు కాఫీ రంగుకొస్తయి. గొట్టాలు ఎదురెదురుగ పెట్టి తిప్పాలె, ఒక దిక్కే పెడితే యంత్రం బల్ల మీదికెల్లి ఎగురుతది. ఐదు నిమిషాలకు వెన్న తేలి గీతల దగ్గర పచ్చగ నిలబడ్తది. ఇరానోళ్లది గూడ ఇదే సూత్రం, పాలకు బదులు యురేనియం గ్యాసు. బరువుది అంచుకు పోతది, తేలికది నడుమ ఉంటది. మాది చేతితోని తిప్పేది, వాళ్లది నిమిషానికి వేలకు వేల చుట్లు, గంతే ఫరక్.

ఇగ నమ్మకం సంగతి. నేను కొత్తగ కూసున్నప్పుడు నా మీద ఎవ్వరికీ నమ్మకం లేకుండె. నాకన్న ముందటోడు 6.2 వస్తే 5.8 రాసేటోడట. నాకు గూడ వాళ్ల మీద లేదు, మా పెద్దనాయన పాలల్ల బోరు నీళ్లు పడ్తయని చిన్నప్పటి సంది చూసుకుంట పెరిగినోన్ని. ఏం చేసినమంటే, ఎవరి పాలు పోసినా రెండు సీసాలు తీసుడు. ఒకటి పరీక్షకు, ఇంకోటి మూత మీద ఇద్దరి సంతకంతోని పక్కకు. గొట్టం మీద గీత నేను చదవ, రైతే కిటికీ కాడికి తీస్కపోయి వెలుగుల చదవాలె. మా పెద్దనాయన రెండు వారాలు నాతోని మాట్లాడలే. మూడో వారం ఆయన ఫ్యాట్ పెరిగింది. బర్రె అదే.

మూసీ_ఒడ్డు
"బర్రె అదే" 😂😂

పాలమూరు_పోరడు
అన్నా కథ మంచిగుంది. గని మీ పెద్దనాయన చూపెట్టిన క్యాను నువ్వు పరీక్షిస్తవు. దొడ్డి ఎనుక ఇంకో బర్రె కట్టేసి ఉంటే? ఫోర్దో అంటే గదే కదా. అనుమానం ఉన్న చోట చూడాలంటే ఆ ఒప్పందంల లొల్లి తేలెటందుకే 24 రోజులు పెట్టిండ్రు. 24 రోజులల్ల దొడ్డి అలికి ముగ్గు గూడ వెయ్యొచ్చు.

ఫ్యాట్_టెస్టర్
ఇంకో బర్రె ఉంటే దాణా యాడికెల్లి వస్తది? దుకాణంల దాణా బస్తాలు లెక్కపెడితే దొడ్డిల ఎన్ని బర్రెలున్నయో తెలుస్తది.

లా_సెకండియర్
ఫ్యాట్ టెస్టర్ అన్న తెలియకుండానే కరెక్ట్ పాయింట్ చెప్పిండు. ఒప్పందంల అచ్చంగ ఆ ఏర్పాటే ఉండె. యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లుల మీద 25 ఏండ్ల నిఘా, సెంట్రిఫ్యూజుల రోటార్లు తయారుచేసే చోట 20 ఏండ్ల నిఘా. రహస్యంగ ఇంకో ప్లాంటు పెట్టాలంటే గని నుంచి యంత్రం దాకా అన్నీ రహస్యంగనే కావాలె. ఇంక 24 రోజుల మీద విమర్శ నిజమే, కాకపోతే యురేనియం ఆనవాళ్లు తుడిస్తే పోయేటివి కావని అణు శాస్త్రవేత్తలు చెప్తరు. చిన్న చిన్న పనులైతే దాచొచ్చేమో.

నాకు బాగ నచ్చింది ఆంక్షల క్లాజు. మామూలుగ భద్రతా మండలిల ఏదన్న చెయ్యాలంటే రష్యానో చైనానో వీటో వేస్తది. ఈ ఒప్పందం మీద మండలి చేసిన 2231 తీర్మానంల దీన్ని తలకిందులు చేసిండ్రు. ఫిర్యాదు అందినంక 30 రోజులల్ల "సడలింపు కొనసాగించాలె" అని తీర్మానం పాస్ కాకుంటే పాత ఆంక్షలు వాటంతట అవే తిరిగొస్తయి. అంటే ఆంక్షలను ఆపెటందుకే ఓట్లు కావాలె. 2020ల అమెరికా ఈ క్లాజు వాడబోతే, నువ్వు ఒప్పందంల లేవు కదా అని మండలి పట్టించుకోలే. 2025 ఆగస్టు 28న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ వాడినయి, సెప్టెంబరు ఆఖరుకు ఆంక్షలు వచ్చి కూసున్నయి. ఇరాన్, రష్యా, చైనా అది చెల్లదంటయి.

ఎడమకాల్వ
నమ్మకం లేనోళ్లతోని ఒప్పందం అంటే మన తెలంగాణోళ్లకు ఇరానోడు చెప్పాల్నా? 1956 ఫిబ్రవరి 20, ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందం. ఉద్యోగాలు జనాభా లెక్కన, మిగులు నిధులు ఈడనే ఖర్చు, ప్రాంతీయ మండలి, అన్నీ రాసుకున్నరు. ఏమైంది? 1969 దాకా వచ్చి, మిగులు ఎంతో తేల్చెటందుకు కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ. కాగితం ఉంది. అప్పటికప్పుడు కొలిచేటోడు లేడు, తప్పితే పడే శిక్ష లేదు. 1985ల 610 జీవో వచ్చింది, దాని అమలు మీద మల్ల కమిటీలు. మా బాపు 69ల జైలుకు పోయొచ్చిండు. ఆయన ముందట ఒప్పందం అన్న మాట ఎత్తితే చెంబు ఇసిరేస్తుండె.

అందుకే చెప్తున్న, ఇరాన్ ఒప్పందం పెద్దమనుషుల ఒప్పందం కన్న వెయ్యి రెట్లు నయం. పెద్దమనుషులు కారనే లెక్కతోని రాసిండ్రు దాన్ని.

కుడికాల్వ
ఇరాన్ అని థ్రెడ్ తెరిస్తే ఇక్కడికొచ్చి తేలారా! నేను మాచర్ల వాణ్ణి, మిర్యాలగూడ అల్లుణ్ణి. సాగర్ నీళ్ల గురించి కూడా మొదలెట్టండి, ఎలాగూ వస్తారుగా అక్కడికి.

ఎడమకాల్వ
వస్తున్నం బావా, పిలిచినంక రాకుంటే బాగుండది. 2023 నవంబరు 30, మా పోలింగు రోజు. పొద్దుగాల లేచి చూస్తే సాగర్ డ్యాం 26 గేట్లల్ల 13 గేట్ల కాడ మీ పోలీసులు కంచె ఏసుకున్నరు. గది ఏ ఒప్పందంల ఉంది?

కుడికాల్వ
విభజన చట్టం ప్రకారం సాగర్ మీద అధికారం కృష్ణా బోర్డుది. మా వాటా నీళ్లు మేము విడుదల చేసుకోవడానికి మీ ఇంజనీర్ల గడప దగ్గర నిలబడాలా? చేసిన పద్ధతి బాలేదు, ఒప్పుకుంటా. మా మామగారైతే ఆ రోజు నాకు అన్నంలో నెయ్యి కూడా వేయలేదు. కానీ ఒకటి గమనించండి. మాకు 512, మీకు 299 టీఎంసీల పంపకం 2015లో రాసుకున్నాం, ఒక్క ఏడాదికే అనుకున్నాం. గొడవంతా ఎవరెంత తోడారన్నదాని మీదే. పారే నీళ్లను కొలిచే టెలిమెట్రీ యంత్రాలు ఏ కాలువ మీద ఎక్కడ పెట్టాలో కూడా మనకు ఏళ్ల తరబడి కుదరలేదు. ఇరాన్ 2022 జూన్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) కెమెరాలు 27 పీకేసిందంటే ప్రపంచం గగ్గోలు పెట్టింది. మనం చాలా చోట్ల అసలు కెమెరానే బిగించనివ్వలేదు, ఇద్దరమూ.

మూసీ_ఒడ్డు
ఐఏఈఏ వాళ్లను పోతిరెడ్డిపాడుకు పంపాలె

ఎడమకాల్వ
బావ మొదటిసారి నిజం మాట్లాడిండు. నెయ్యి నేను పంపిస్త.

నల్లమల_నీడ
మీరంతా శాతాలు, ఒప్పందాలు మాట్లాడుతున్నరు, మా కాళ్ల కింద ఉన్నది యురేనియమే అన్నది యాదుందా? దేవరకొండ దిక్కు లంబాపూర్, పెద్దగట్టు. 2003ల ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిండ్రు, పక్కనే సాగర్ నీళ్లు, హైదరాబాద్ తాగే అక్కంపల్లి నీళ్లు, జనం ఒప్పుకోలే. తర్వాత మా అమ్రాబాద్ వంతు. 83 చదరపు కిలోమీటర్లల్ల నాలుగు వేల బోర్లు ఏస్తమన్నరు. 2019ల మేము రోడ్డెక్కినం, సెప్టెంబరుల తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది.

అప్పుడు మా పెంటకు, అంటే మా చెంచుల గూడేనికి, ఒక సారు జీపుల వచ్చిండు. "పరిశోధనే, తవ్వకం కాదు" అన్నడు. మా తాత చెంచు. ఆయన ఒక్కటే అడిగిండు: "తవ్వకుంటే ఎక్కడుందో ఎందుకు వెతుకుతున్నవు బిడ్డా?" సారు దగ్గర జవాబు లేదు, నీళ్లు తాగి పోయిండు. "కరెంటు కోసమే" అని ఇరాన్ అంటే నాకు ఆ జీపు సారే యాదికొస్తడు.

పాలమూరు_పోరడు
నీడ అన్న మాట ఖతర్నాక్. 60 శాతం ఏ కరెంటు ప్లాంటుకు కావాలె? మామూలు రియాక్టర్‌కు 3 నుంచి 5 చాలు.

దేవరకొండ_టీచర్
ఆ ప్రశ్నకు ఇరాన్ దగ్గర సరైన సమాధానం లేదు, నేనూ వెనకేసుకు రాను. కానీ వరస చూడండి. అమెరికా బయటికొచ్చింది 2018 మే 8న. ఇరాన్ ఏడాదికి పైగా హద్దులోనే ఉంది, అణుశక్తి సంస్థ నివేదికలు కూడా అదే చెప్పాయి. 2019 జులైలో 300 కిలోలూ దాటింది, 3.67 శాతమూ దాటింది. 2021 జనవరిలో 20, ఏప్రిల్‌లో 60. మెట్టు మెట్టుకూ "మీరు ఆంక్షలు తీస్తే మేం దిగుతాం" అంటూ పోయారు. బాంబు కోసమా, బేరం కోసమా? రెంటికీ అని నా అనుమానం.

పిల్లలమర్రి
అందరూ ఇరాన్‌ను నమ్మొచ్చా అంటున్నరు. ఇరానోడు అమెరికాను ఎందుకు నమ్మాలె? 1953ల మొసద్దెఖ్ అని వాళ్ల ప్రధానిని సీఐఏ, బ్రిటిషోళ్లు కలిసి దించిండ్రు. చమురు కంపెనీని జాతీయం చేసిండని. టెహ్రాన్‌ల ఉన్న పరిశోధన రియాక్టర్ ఎవరిచ్చిండ్రు అనుకున్నరు, 1967ల అమెరికానే. అప్పుడు షా దోస్తు కాబట్టి అణువు మంచిది. దోస్తు మారంగనే అణువు చెడ్డది.

పాలమూరు_పోరడు
1979ల రాయబార కార్యాలయంల ఎక్కి 444 రోజులు మనుషులను బంధించింది ఎవరు మర్రి తాతా? అది గూడ రాయి.

పిల్లలమర్రి
రాసిన అనుకో. తాత అన్నందుకు నీ మీద ఆంక్షలు.

లా_సెకండియర్
అమెరికా మాట తప్పుడు మన అనుభవంల గూడ ఉంది. 1963ల తారాపూర్ రియాక్టర్లకు ఇంధనం ఇస్తమని సంతకం పెట్టింది. 1974ల మనం పోఖ్రాన్ పరీక్ష చేసినం, 1978ల వాళ్లు కొత్త చట్టం చేసుకున్నరు, ఇంధనం ఆగింది. 1982ల ఫ్రాన్స్ ఆదుకుంది. మల్ల అదే అమెరికాతోని 2008ల అణు ఒప్పందం. అప్పుడు మన దగ్గర గూడ ఇదే లొల్లి కదా, నమ్మలేని దేశంతోని సంతకమా అని వామపక్షాలు మద్దతు తీసేసినయి. జులై 22న విశ్వాస పరీక్ష, 275 కు 256. 22 రియాక్టర్లల్ల 14 తనిఖీ కిందికి ఇచ్చినం, మిగిలినయి మన ఇష్టం. ఇరాన్‌కు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అది ఎన్పీటీల, అంటే అణ్వాయుధాల వ్యాప్తి ఆపే ఒప్పందంల, సంతకం పెట్టింది. మనం పెట్టలే. సంతకం పెట్టనోనికి మర్యాద ఎక్కువ దొరికింది, గమ్మత్తు.

మూసీ_ఒడ్డు
ఆ రోజే కదా లోక్‌సభల నోట్ల కట్టలు చూపెట్టిండ్రు. అణు ఒప్పందమంటే ఎక్కడైన కట్టలు ఉండాల్సిందే

మిల్లు_మేనల్లుడు
ఒప్పందం తెగితే ఎవనికి దెబ్బ తగిలిందో చెప్త. మనం ఇరాన్ చమురు కొన్నదాంట్ల కొంత యూకో బ్యాంకుల రూపాయల్ల జమ అయ్యేది. ఆ రూపాయలతోనే వాళ్లు మన దేశంల బాస్మతి, చాయ్‌పత్తి, మందులు కొంటుండిరి. 2019 మేల ఇరాన్ చమురు కొనెటందుకు అమెరికా ఇచ్చిన మినహాయింపు ఆగింది, చమురు బంద్, ఖాతాల రూపాయలు కరిగిపోయినయి, బాస్మతి పంపిన హర్యానా, పంజాబ్ వ్యాపారులు పైసల కోసం ఎదురుచూసుడు. మా మిర్యాలగూడ మిల్లులకు ఏం కాలే. మా సోనా ఇరానోని నోటికి ఎక్కదు, పొడుగు గింజ కావాలె వాళ్లకు.

షార్జా_రిటర్న్
నేను దుబాయిల ఆరేండ్లు చేసిన, లోడింగు పని. క్రీక్ ఒడ్డున కట్టె పడవలు వరుసగ ఉంటయి, ఇరాన్‌కు పోయేటివి. ఆంక్షలు గట్టిగున్న రోజులల్లనే మాకు పని ఎక్కువ! ఫ్రిజ్‌లు, టైర్లు, ఏసీలు, టీవీలు, పడవ అంచు నీళ్లకు జానెడు ఎత్తు ఉండేదాక నింపుతుండె. ఒక నాఖుదా, అంటే పడవ నడిపే పెద్ద, ముసలాయన, పని అయినంక మమ్ముల కూసోబెట్టి చాయ్ పోసేటోడు, చక్కెర గడ్డ పండ్ల నడుమ పెట్టుకొని తాగుడు నేర్పిండు. ఆయన బిడ్డకు ఏదో రక్తం జబ్బు. మందు మీద ఆంక్ష లేదట, గని పైసలు పంపెటందుకు ఏ బ్యాంకూ ముందుకు రాదట. పడవల ఫ్రిజ్ పోతది, మందు పోదు. ఆయన వాళ్ల సర్కారును గూడ తిడుతుండె, మస్తు తిట్లు. అర్థం కాలే గని తిట్లని తెలుస్తది కదా.

ఫ్యాట్_టెస్టర్
షార్జా తమ్మీ, దుబాయిల చేసి షార్జా పేరు ఎందుకు పెట్టుకున్నవు?

షార్జా_రిటర్న్
రూము షార్జాల అన్నా, కిరాయి తక్కువ

పిల్లలమర్రి
గడియారం తమ్మీ, మీ మామను ఒక్కటి అడుగు. డిపో ఆయనను నమ్మిందా? నమ్మితే నడుమ స్టేజీల చెకింగ్ వాళ్లు ఎందుకు ఎక్కుతుండిరి?

గడియారం_సెంటర్
అడిగిన. థ్రెడ్ అంత చదివి వినిపించిన, రెండు చాయ్‌లు అయినయి. కందుల లెక్క మంచిగుందన్నడు, టీచర్ సారుది ఏ ఊరు అని అడిగిండు. "31 ఏండ్లల్ల నన్ను ఎవడూ నమ్మలే, దినాం టికెట్లు లెక్కపెట్టిండ్రు, నేనూ బాధపడలే" అన్నడు. ఇగ దారికొచ్చిండు అనుకున్న. అప్పుడు మల్ల షురూ చేసిండు: "గని చెకింగ్ వాళ్లు చెయ్యి ఎత్తితే బస్సు ఆపాలె. ఆపకుండ పోయినోన్ని ఏమనాలె? 2021ల తనిఖీ తగ్గించిండ్రు, 2022ల కెమెరాలు పీకిండ్రు. టికెట్లు మాత్రం కొడుతనే ఉన్నరు."

నేనన్న, డిపో వాళ్లు జీతం ఆపినంక కదా మామా బస్సు ఆపనిది. ఆయన కొద్దిసేపు గ్లాసు తిప్పుకుంట కూసున్నడు. "జీతం ఆపితే సమ్మె చెయ్యాలె, ప్యాసింజర్లను ఎక్కించుకొని కొండ కిందికి పోతరా?" అన్నడు.

ఎడమకాల్వ
మామను ఈ గ్రూపుల చేర్పియ్యి, మేం వింటం

గడియారం_సెంటర్
ఇంకో సవాల్ గూడ పంపిండు. 2025 జూన్‌ల ఇజ్రాయెల్, తర్వాత అమెరికా బాంబులేసినయి కదా, ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద. అప్పటికి 60 శాతంది 440 కిలోలు ఉండె. అది ఏమైంది?

దేవరకొండ_టీచర్
440.9, అణుశక్తి సంస్థ అంచనా. దాడుల తర్వాత నెలల తరబడి తనిఖీదార్లు దాన్ని కళ్లతో చూడలేకపోయారు. ఒప్పందం ఉన్న రోజుల్లో కిలో కిలోకు లెక్క ఉండేది. బాంబులు పడ్డాక అంచనాలే మిగిలాయి.

పాలమూరు_పోరడు
నేను ఇంక ఒప్పుకోలే. గని ఈ లెక్క లేకపోవుడు మాత్రం మంచిగ లేదు.

షార్జా_రిటర్న్
ఫ్యాట్ అన్నా, ఆ చేతితోని తిప్పే సెంట్రిఫ్యూజు ఇంక ఉందా?

ఫ్యాట్_టెస్టర్
స్టోరుల ఉంది. మా పెద్దనాయన ఎత్తుకపొమ్మంటుండు, దాని బరువుకు ఇనుప సామాన్లోడు మంచి రేటు ఇస్తడట. పిడి ఇప్పటికీ తిరుగుతది, జర ఆయిల్ వెయ్యాలె.

మూసీ_ఒడ్డు
ఈడ రాయకు అన్నా, తనిఖీకి వస్తరు